పాత జాజ్ ఎల్పీ రికార్డు చేతికొచ్చాక: చూడటం, కడగడం, వినడం, మరుగునపడ్డ వాద్యకారుడి జాడ తీయడం

"రికార్డు కొన్నాను, ఇప్పుడేం చెయ్యాలి?" అని అడిగేవాళ్ళలో చాలామంది అప్పటికే ఒక పొరపాటు చేసేసి ఉంటారు. ఇంటికి రాగానే ప్లేయర్ మీద పెట్టి వినేస్తారు. యాభై అరవై ఏళ్ళ దుమ్ము పేరుకున్న గాడిలోకి ముల్లు దిగితే ఆ దుమ్మును గాడి గోడల్లోకి నూరేస్తుంది. తర్వాత ఎన్నిసార్లు కడిగినా ఆ చిటపటలు పూర్తిగా పోవు. అందుకే ఇక్కడ వరస ముఖ్యం. ముందు చూడాలి, చూసింది రాసుకోవాలి, తర్వాత కడగాలి, అప్పుడు వినాలి. వాద్యకారుడి కోసం వెతుకులాట ఆ తర్వాత.

ఉదాహరణకు అంతటా ఒకే రికార్డును పట్టుకుందాం: టీనా బ్రూక్స్ 'ట్రూ బ్లూ', అమెరికా జాజ్ రికార్డుల కంపెనీ బ్లూ నోట్, నంబరు 4041. బ్రూక్స్ (1932–1974) టెనర్ శాక్సఫోన్ వాద్యకారుడు. బ్లూ నోట్‌కు లీడర్‌గా, అంటే తన పేరు మీద, నాలుగు ఆల్బమ్‌లకు సరిపడా రికార్డు చేశాడు. బతికుండగా బయటికొచ్చింది ఇదొక్కటే.

1. ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- డిస్టిల్డ్ వాటర్, 2 లీటర్లు
- రంగూ వాసనా లేని గిన్నెల లిక్విడ్, కొద్దిగా
- మెత్తటి వెల్వెట్ ముక్కలు రెండు (ఒకటి కడగడానికి, ఒకటి మంచినీటి తడుపుకి)
- పోగులు రాలని మైక్రోఫైబర్ గుడ్డలు రెండు
- పొడి దుమ్ముకి కార్బన్ ఫైబర్ బ్రష్షు
- కొత్త లోపలి కవర్లు (పాలిథీన్ లైనింగ్ ఉన్నవి)
- ముల్లు బరువు చూసే చిన్న డిజిటల్ త్రాసు
- చేతి టార్చి, భూతద్దం, నోటుపుస్తకం

నీళ్ళ దగ్గర పిసినారితనం వద్దు. బోరు నీళ్ళు ఆరాక బకెట్ అంచున తెల్లగా పేరుకునే ఉప్పే గాడిలోనూ పేరుకుంటుంది. ఇంట్లో ఆర్వో ఉన్నా చివరి తడుపు డిస్టిల్డ్ వాటర్‌తోనే చెయ్యాలి. పెట్రోలు బంకుల్లో అమ్మే బ్యాటరీ నీళ్ళు ఒక్కో సీసా ఒక్కో రకంగా ఉంటాయి. లాబ్ సామాన్లు అమ్మే దుకాణంలో కొనుక్కోవడం మేలు.

2. కడగకముందే చదవాల్సింది: లేబుల్, డెడ్‌వ్యాక్స్

రికార్డును అంచు మీద, లేబుల్ మీద మాత్రమే పట్టుకోవాలి. లేబుల్‌కీ చివరి పాటకీ మధ్య గాడులు లేని నున్నటి పట్టీ ఉంటుంది. అదే డెడ్‌వ్యాక్స్. టార్చిని పక్కనుంచి ఏటవాలుగా వేస్తే అందులో గీసినవీ గుద్దినవీ అక్షరాలు తేలుతాయి. కనపడినవన్నీ, అర్థం కాని గీతలతో సహా, రెండు వైపులవీ నోటుపుస్తకంలోకి ఎక్కించాలి.

బ్లూ నోట్ రికార్డయితే ఈ వరసలో చూడాలి:

- లేబుల్ మీది చిరునామా. 767 లెక్సింగ్టన్ అవెన్యూ అని ఉంటే 1950ల నడిమి కాలం ముద్రణ. 47 వెస్ట్ 63 అని ఉంటే సుమారు 1957 నుంచి 1962 మధ్యది. ఉత్త న్యూయార్క్ యూఎస్ఏ అని ఉంటే 1962 తర్వాతది. లిబర్టీ రికార్డ్స్ విభాగం అని ఉంటే 1966, ఆ తర్వాత.
- పి గుర్తు. డెడ్‌వ్యాక్స్‌లో చేత్తో గీసిన గొలుసుకట్టు పి. చూడటానికి చెవిలా ఉంటుంది కాబట్టి సేకర్తలు దాన్ని చెవి అనే అంటారు. ప్లాస్టిలైట్ అనే కర్మాగారంలో అచ్చయిందనడానికి గుర్తు. కంపెనీ లిబర్టీ చేతికి వెళ్ళాక ఆ కర్మాగారంతో పని ఆగిపోయింది, గుర్తూ పోయింది.
- ఆర్‌వీజీ లేదా వాన్ గెల్డర్. రికార్డింగు ఇంజనీరు రూడీ వాన్ గెల్డర్ తానే మాస్టర్ (అచ్చులకు మూలమైన డిస్కు) కోశాడనడానికి సంతకం.
- లోతు గాడి. లేబుల్ మీద వేలితో తడిమితే గుండ్రంగా తగిలే పల్లం. పాత అచ్చు పళ్ళేల వల్ల వచ్చింది.

ఈ లెక్కన 'ట్రూ బ్లూ' తొలి ముద్రణ మీద వెస్ట్ 63 చిరునామా, చెవి, ఆర్‌వీజీ మూడూ ఉండాలి.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఆర్‌వీజీ ఒక్కటే చూసి తొలి ముద్రణ దొరికిందని సంబరపడతారు. పాత లోహపు అచ్చులతోనే లిబర్టీ కాలంలోనూ, ఆ తర్వాతా రికార్డులు తీశారు. వాటి మీదా ఆర్‌వీజీ ఉంటుంది, చెవి ఉండదు. అలాగే మిగిలిపోయిన పాత లేబుళ్ళను కొత్త ముద్రణలకు అంటించారు, కాబట్టి లేబుల్‌ను ఒంటరిగా నమ్మకూడదు. లేబుల్, చెవి, సంతకం ఒకే మాట చెబితేనే నమ్మాలి.

తొలి ముద్రణ కాలేదని దిగులు పడనక్కర్లేదు. వినడానికైతే 1970ల చివర, 80లలో జపాన్‌లో కింగ్, తోషిబా కంపెనీలు వేసిన ముద్రణలు చాలా నిశ్శబ్దంగా ఉంటాయి. గీతలు పడ్డ తొలి ముద్రణకు పెట్టే డబ్బుతో అలాంటివి ఎన్నో వస్తాయి. వాద్యం కోసం కొంటున్నారా, చెవి గుర్తు కోసం కొంటున్నారా అన్నది ముందే తేల్చుకోండి.

ఒక నంబరు సంగతి కూడా. బీఎల్పీ 4041 అంటే మోనో (ఒకే చానెల్). బీఎస్టీ 84041 అంటే స్టీరియో (ఎడమ, కుడి రెండు చానెళ్ళు). బ్లూ నోట్ అంతకుముందు వేసిన 1500 సీరీస్‌లోని మోనో రికార్డులు కొన్నింటిని తర్వాత యంత్రాలతో స్టీరియోగా మార్చి వదిలారు, అట్ట మీద రీచానెల్డ్ అని ఉంటుంది. వాటిలో వాద్యాలు మసకబారి గుహలోంచి వస్తున్నట్టు ఉంటాయి. వేరే ముద్రణ దొరికేదాకా ఆగడమే నయం.

3. కొనేముందు అడగాల్సినవి

ఫొటో చూసి కొనేటప్పుడు అమ్మేవారి గ్రేడును ఒక మెట్టు తగ్గించి లెక్క వేసుకోవాలి. వీజీ ప్లస్ (వెరీ గుడ్ ప్లస్) అంటే వీజీ (వెరీ గుడ్) అనుకోండి. వీజీ అంటే ప్రతి నెమ్మది పాటలోనూ చిటపట వినపడుతుందని అర్థం.

- రెండు వైపుల డెడ్‌వ్యాక్స్ ఫొటోలు పంపించారా?
- ఒకే దీపం కింద ఏటవాలుగా తీసిన ఫొటో ఉందా? (ట్యూబులైటు వెలుగులో గీతలు దాక్కుంటాయి)
- వేలి గోటికి తగిలే గీతలు ఎన్ని?
- విని గ్రేడు ఇచ్చారా, చూసి ఇచ్చారా?
- రికార్డును అట్టలోంచి బయటికి తీసి, పక్కన పెట్టి ప్యాక్ చేస్తారా? (లోపలే ఉంచి పంపితే దారిలో అట్ట అంచు చీలుతుంది)

నున్నగా బూడిదరంగు తిరిగిన గాడులు కనపడితే మాత్రం మానేయండి. గీతల కంటే అది ప్రమాదం. బరువైన ముల్లు గాడిని అరగదీసింది. అలాంటి దాన్ని కడిగినా బాగుపడదు.

4. కడగడం

ముందు రికార్డు ఏ పదార్థమో తేల్చుకోవాలి. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ఎల్పీలు వినైల్ (ఒక రకం ప్లాస్టిక్). 78 వేగం పాత రికార్డులు ఎక్కువగా లక్కతో చేసినవి. కుర్చీలకు వేసే లక్క పాలిష్‌ను స్పిరిట్‌లోనే కదా కరిగిస్తారు. 78 రికార్డుకు స్పిరిట్ తగిలినా అదే అవుతుంది, గాడులే కరిగిపోతాయి. కాబట్టి 78లకు ఏ రకం ఆల్కహాలూ పనికిరాదు.

ఎల్పీ కడిగే వరస:

1. కార్బన్ ఫైబర్ బ్రష్షుతో పొడి దుమ్ము తీయాలి, గాడి తిరిగే దిశలోనే.
2. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో గిన్నెల లిక్విడ్ 2, 3 చుక్కలు. నురగ వచ్చిందంటే ఎక్కువైనట్టు.
3. శుభ్రమైన తువ్వాలు మీద రికార్డు పరిచి, లేబుల్‌కు వేలెడు దూరంలో ద్రావణం చల్లాలి.
4. వెల్వెట్ ముక్కతో గాడి వెంట గుండ్రంగా, ముందు కుడివైపుకు ఆరు చుట్లు, తర్వాత ఎడమకు ఆరు. నొక్కకూడదు. గాడికి అడ్డంగా అసలే తిప్పకూడదు.
5. ఒక నిమిషం నాననివ్వాలి. అంతకంటే వద్దు, అంచు వెంట ఆరిపోతే మరక పడుతుంది.
6. ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో, రెండో వెల్వెట్ ముక్కతో, రెండుసార్లు తడిపి తుడవాలి.
7. మైక్రోఫైబర్‌తో తడి అద్ది, గిన్నెల స్టాండులో నిలబెట్టి నీడలో రెండు గంటలు ఆరనివ్వాలి. ఫ్యాను కింద పెడితే మళ్ళీ దుమ్మే.
8. కొత్త లోపలి కవరులో పెట్టాలి. పాత కవరులోకి వెనక్కి పెట్టడం అంటే తలంటుకుని మాసిన చొక్కా తొడుక్కున్నట్టే.

ఎక్కువ విఫలమయ్యేది ఆరో మెట్టు. "కడిగాక ఇంకా ఎక్కువ చిటపటలాడుతోంది" అనేవాళ్ళు దాదాపు అందరూ సబ్బును పూర్తిగా తీయనివాళ్ళే. ముల్లు చివర తెల్లటి మైనంలాంటి ముద్ద కనపడితే అదే. మళ్ళీ ఉత్త నీళ్ళతో రెండుసార్లు తుడిస్తే సరిపోతుంది.

జిడ్డు వేలిముద్రలు వదలకపోతే, వినైల్‌కు మాత్రమే, ఆ లీటరులో 100 మిల్లీలీటర్ల నీటి బదులు ఐసోప్రొపైల్ ఆల్కహాలు కలపవచ్చు.

బూజు సంగతి వేరు. విశాఖ, కాకినాడ లాంటి ఊళ్ళలో తెల్లటి చుక్కలుగా పడుతుంది. దాన్ని ఇంట్లో పొడిగా దులపకూడదు, గాల్లోకి లేచి మిగతా అట్టల మీద వాలుతుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఆరుబయట తడిగుడ్డతో తుడిచి, అప్పుడు పై వరస. పాత లోపలి కవరును పారేయాలి. దాని మీద రాత ఏదైనా ఉంటే ఫొటో తీసుకుని పారేయాలి.

78లకు: తడిపి పిండిన మైక్రోఫైబర్ గుడ్డతో ఒక చుట్టు, వెంటనే పొడిగుడ్డతో మరో చుట్టు. నానబెట్టవద్దు. అంచున పగులు ఉంటే నీరు లోపలికి దిగి పొర లేస్తుంది.

5. ముల్లు, బరువు

ఏ ముల్లు దేనికో ఒకసారి రాసి ప్లేయర్ పక్కన అంటించుకోండి (మిల్ అంటే ముల్లు మొన కొలత, అంగుళంలో వెయ్యో వంతు):

- 78: 3 మిల్ (సుమారు 76 మైక్రాన్లు), బరువు 3 నుంచి 5 గ్రాములు
- తొలినాటి మోనో ఎల్పీ: 1 మిల్ (25 మైక్రాన్లు), 2 గ్రాములు ఆ చుట్టుపక్కల
- స్టీరియో ఎల్పీ: 0.7 మిల్ (18 మైక్రాన్లు), 1.5 నుంచి 2.5 గ్రాములు, కార్ట్రిడ్జి (ముల్లు అమర్చే భాగం) పెట్టె మీద రాసినంత

ఎల్పీ ముల్లుతో 78 వింటే అది గాడి అడుగున పడి చెత్తలో దొర్లుతుంది. రికార్డు పోయిందనుకుంటారు, నిజానికి ముల్లే తప్పు.

బరువు తక్కువ పెడితే రికార్డుకు మేలనుకోవడం పొరపాటు. తక్కువైతే ముల్లు గాడిలో నిలవక ఎగిరెగిరి గోడలను కొడుతుంది. కంపెనీ చెప్పిన హద్దుల్లో పై అంచుకు దగ్గరగా పెట్టడం క్షేమం. వజ్రపు ముల్లయినా 500 గంటలు దాటాక భూతద్దం కింద చూపించుకోవాలి. సూట్‌కేసులా మడిచే చవక ప్లేయర్ల మీద పాత రికార్డు అసలు పెట్టకండి.

మోనో రికార్డును స్టీరియో కార్ట్రిడ్జితో వింటుంటే యాంప్లిఫయరులో మోనో బొత్తాం నొక్కండి. మోనో గాడిలో సంగీతం పక్కకు మాత్రమే కదులుతుంది, పైకీ కిందకీ కదిలేదంతా రొదే. రెండు చానెళ్ళూ కలిసినప్పుడు ఆ రొద చాలావరకు కొట్టుకుపోతుంది. పైసా ఖర్చు లేని మరమ్మతు ఇది.

ఏం వినిపిస్తే ఏమిటి:

- సరిగ్గా 1.8 సెకండ్లకోసారి టిక్కు: అడ్డగీత. 33⅓ వేగంలో ఒక చుట్టుకు పట్టే కాలం అంతే.
- 1.8 సెకండ్లకోసారి శ్రుతి ఊగడం: నడిమి రంధ్రం పక్కకు జరిగింది. పియానో నిలిపిన స్వరంలో ముందు తెలుస్తుంది.
- ట్రంపెట్ గట్టిగా ఊదినచోట గరగర: అరిగిన గాడి, లేదా కార్ట్రిడ్జి కోణం తప్పు. మరో రెండు మంచి రికార్డులు పెట్టి చూడండి. వాటిలోనూ చివరి పాటల దగ్గర గరగరలాడితే కోణమే. ప్రొట్రాక్టరు పెట్టి సరిచేయండి.
- ఆగని హుమ్: ఎర్తు తీగ ఊడింది.

6. వింటూ రాసుకోవలసిన కాగితం

మొదటిసారి ఊరికే వినండి. రెండోసారి కాగితం పెట్టుకోండి. ఒక్కో పాటకు ఒక్కో వరస: పాట పేరు, స్వరకర్త, సోలోల (ఒక్కరే ముందుండి వాయించే భాగాల) వరస, ఒక్కో సోలో మొదలైన నిమిషం.

సోలో ఎవరిదో అట్ట వెనుక జాబితా చూడకుండా రాయండి, తర్వాత సరిచూసుకోండి. ఒకే ఆల్బమ్‌లో ఇద్దరు శాక్సఫోన్ వాళ్ళుంటే ఈ అలవాటే దిక్కు.

'ట్రూ బ్లూ' కాగితం మీద మొదటి వరస ఇలా ఉంటుంది: 25 జూన్ 1960. ఫ్రెడీ హబ్బర్డ్ ట్రంపెట్, టీనా బ్రూక్స్ టెనర్, డ్యూక్ జోర్డన్ పియానో, శామ్ జోన్స్ బాస్, ఆర్ట్ టేలర్ డ్రమ్స్.

7. జాడ తీయడం

లీడర్ పేరుతో వెతికితే ఒకటే రికార్డు వస్తుంది, అక్కడితో ఆగిపోతారు. మరుగునపడ్డవాళ్ళ అసలు పని మిగతావాళ్ళ రికార్డుల్లో ఉంటుంది. నాలుగు దారులున్నాయి.

*తేదీ దారి.* రికార్డింగు సెషన్ తేదీకి ముందూ వెనకా మూడు నెలలు చూడండి. 'ట్రూ బ్లూ'కు ఆరు రోజుల ముందు, 19 జూన్ 1960న, హబ్బర్డ్ తన మొదటి ఆల్బమ్ 'ఓపెన్ సెసమీ' (4040) చేశాడు. టెనర్ బ్రూక్స్‌దే, బాస్ శామ్ జోన్స్‌దే. అదే ఏడు ఫ్రెడీ రెడ్ 'షేడ్స్ ఆఫ్ రెడ్' (4045)లోనూ, జాకీ మెక్లీన్ 'జాకీస్ బ్యాగ్' (4051)లో రెండో సెషన్‌లోనూ బ్రూక్స్ ఉన్నాడు. వెనక్కి వెళితే 1958లో జిమ్మీ స్మిత్ 'ది సర్మన్', కెన్నీ బరెల్ 'బ్లూ లైట్స్' తగులుతాయి.

*స్వరకర్త దారి.* లేబుల్ మీదో, అట్ట వెనుకో పాట పక్కన బ్రాకెట్లలో ఉండే చిన్న పేరు. 'ఓపెన్ సెసమీ' అన్న పాట, అందులోనే 'జిప్సీ బ్లూ' రెండూ బ్రూక్స్ కట్టినవి. అంటే హబ్బర్డ్ అభిమానులు పేరు తెలియకుండానే బ్రూక్స్‌ను వింటున్నారు. పియానో వాద్యకారుడు హెర్బీ నికల్స్ (1919–1963) కూడా ఈ దారిలోనే దొరుకుతాడు: బిల్లీ హాలిడే పాడిన 'లేడీ సింగ్స్ ద బ్లూస్' బాణీ ఆయనది.

*నంబర్ల సందు దారి.* కంపెనీ జాబితాను వరసగా రాసి, దొరకని నంబర్ల కింద గీత గీయండి. 4051 ఉంది, 4053 ఉంది, 4052 ఏదీ? అది బ్రూక్స్ 'బ్యాక్ టు ద ట్రాక్స్'. నంబరు వేసి, అట్ట గీయించి కూడా ఆపేశారు. ఆయన పోయిన పదకొండేళ్ళకు, 1985లో, మొజాయిక్ అనే రికార్డుల సంస్థ నాలుగు ఎల్పీల పెట్టెలో ఆయన లీడర్‌గా చేసిన సెషన్లన్నీ కలిపి తెచ్చింది.

*మారుపేరు దారి.* వేరే కంపెనీతో ఒప్పందం ఉన్నవాళ్ళు దొంగపేరుతో వాయించేవారు. 1953 టొరంటో కచేరీ రికార్డు మీది చార్లీ చాన్ ఎవరో కాదు, చార్లీ పార్కర్. బక్‌షాట్ లా ఫంక్ అంటే కానన్‌బాల్ అడర్లీ. ఎవరికీ తెలియని పేరుతో గొప్ప సోలో వినపడితే, కొత్త మేధావి దొరికాడనుకునే ముందు ఇది సరిచూసుకోండి.

ముద్రణల తేడాలకు డిస్కాగ్స్ సైటు, సెషన్ తేదీలకు జాజ్ డిస్కోగ్రఫీ ప్రాజెక్ట్ సైటు, అమెరికా 78లకు శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నడిపే రికార్డింగుల జాబితా వాడండి. డిస్కాగ్స్‌లో వివరాలు వాడుకరులే ఎక్కిస్తారు కాబట్టి డెడ్‌వ్యాక్స్ ఫొటో లేని ఎంట్రీని నమ్మవద్దు.

మన సినిమా 78ల మీద ఈ దారులేవీ సాగవు. గాయకుడి పేరు, సంగీత దర్శకుడి పేరు తప్ప వాద్యకారుల పేర్లు లేబుల్ మీద వేయలేదు. బొంబాయిలో గోవా ట్రంపెటర్ చిక్ చాకలెట్ లాంటివాళ్ళ కోసం వాళ్ళ సొంత బ్యాండు పేరుతో వచ్చిన డ్యాన్సు రికార్డులనూ, కలకత్తాలో కొలంబియా కంపెనీకి రికార్డు చేసిన పియానో వాద్యకారుడు టెడ్డీ వెదర్‌ఫర్డ్ కోసం బ్యాండ్ లీడర్ పేర్లనూ వెతకాలి.

8. పాత పత్రికల్లో వెతకడం

డౌన్‌బీట్ (1934లో మొదలైంది), మెట్రనోమ్, మెలొడీ మేకర్ లాంటి పత్రికల స్కాన్లు వరల్డ్ రేడియో హిస్టరీ అనే సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. బిల్‌బోర్డ్ పాత సంచికలు గూగుల్ బుక్స్‌లో చదవచ్చు.

1. రికార్డింగు తేదీ వేరు, విడుదల తేదీ వేరు. విడుదలకు బిల్‌బోర్డ్ కొత్త రికార్డుల జాబితాలు చూడండి.
2. రివ్యూ కోసం రికార్డింగు తర్వాత మూడో నెల నుంచి ఏడాదిన్నర దాకా వెతకండి.
3. పేరుతో వెతికి రాకపోతే రికార్డు నంబరుతో వెతకండి. స్కాన్‌లో అక్షరాలు చెడిపోతాయి, అంకెలు కొంత నయం.
4. అసలు పేరూ వెయ్యండి. టీనా బ్రూక్స్ అసలు పేరు హారొల్డ్ బ్రూక్స్.
5. వ్యాసాలకంటే క్లబ్బుల ప్రకటనలు ఎక్కువ చెబుతాయి. ఏ వారం ఎక్కడ, ఎవరితో వాయించాడో ఆ చిన్న డబ్బాల్లోనే ఉంటుంది.
6. రివ్యూలో ఇచ్చిన నక్షత్రాలను (స్టార్ రేటింగును) నమ్మి రికార్డును తీసిపారేయకండి. రివ్యూలో లైనప్, పాటల జాబితా పనికొస్తాయి. తీర్పు ఆ నాటి ఒకరి అభిప్రాయం.

హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్ మీద పరిచే పాత పుస్తకాల్లాంటి చోట్ల అసలు సంచిక దొరికితే, ముందు తుప్పు పట్టిన పిన్నులు తీయాలి. మొండి కత్తితో కాళ్ళు నిటారుగా లేపి వెనకనుంచి లాగాలి, ముందునుంచి లాగితే కాగితం చిరుగుతుంది. సెలోటేప్ వేయకూడదు, పదేళ్ళలో పసుపు మరక మిగులుతుంది. స్కాన్ 400 డీపీఐలో చేస్తే అక్షరాలు వెతకడానికి వీలవుతాయి. సంచికను బల్లపరుపుగా అదిమితే వీపు విరుగుతుంది; ఫోన్ స్టాండు పెట్టి పైనుంచి ఫొటో తీయడమే మేలు.

9. భద్రపరచడం, నకలు తీయడం

రికార్డులు నిలువుగా, ఒరగకుండా. ఒకదాని మీద ఒకటి పేర్చితే వంగుతాయి. మే నెలలో కారులో పది నిమిషాలు వదిలినా చాలు. అట్టల పైన పీవీసీ కవర్లు వద్దు, వేడికి రికార్డుకు అంటుకుని పొగపట్టినట్టు మరక వేస్తాయి. పాలిథీన్ లేదా పాలీప్రొపిలీన్ వాడండి. చెక్క అరను గోడకు నాలుగు వేళ్ళ దూరం జరిపితే చెమ్మ, చెద రెండూ తగ్గుతాయి.

నకలు 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో, పెద్ద శబ్దం మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా తీసి ఫ్లాక్ (నాణ్యత తగ్గని) ఫైలుగా దాచండి. చిటపటలు తీసే సాఫ్ట్‌వేర్‌ను అసలు నకలు మీద నడపకండి, కాపీ మీద నడపండి. కాస్త గట్టిగా పెడితే డ్రమ్స్‌లోని సింబల్ (లోహపు పళ్ళెం) మీద పుల్ల పడిన చప్పుడును కూడా చిటపట అనుకుని తినేస్తుంది. ఫైలు పేరులో కంపెనీ నంబరు, డెడ్‌వ్యాక్స్‌లో చదివిన అక్షరాలు రెండూ ఉండాలి: ఏ ముద్రణలోంచి తీశారో ఆరు నెలల తర్వాత మీకే గుర్తుండదు.